వినబడవలసిన మాట, కనబడని మైకు



ఈ నెల పాఠము శనగగింజంత వస్తువును గూర్చినది. ఆ వస్తువు మైకు. మాటలాడువారిని వీడియో తీయునప్పుడు చూచువారి కంటికి అడ్డము రాకుండ, అయినను వారి మాటను యంత్రము విని తప్పులేకుండ వ్రాయగలుగునట్లు, ఎట్టి మైకును ఎంచుకొనవలెను? దానిని ఎక్కడ ఉంచవలెను? ఇవి మన ప్రశ్నలు. సంగతి చిన్నదే అని తోచవచ్చును. మాకును అట్లే తోచినది. మేము చేసిన పొరపాటు మా కన్నులు తెరిచినది గనుక మొదట దానినే చెప్పుదుము.

కొంతకాలము క్రిందట, ఉద్యోగ విరమణ చేసిన ఒక నర్సమ్మగారిచేత పసిబిడ్డల పోషణను గూర్చి మాటలాడించి వీడియో తీసితిమి. ఆమె అనేక సంవత్సరములు కాన్పులు చేసిన అనుభవము గలవారు. అయితే ముఖము ముందర మైకు కనబడగానే ఆమె నోట మాట రాలేదు. “అది తీసేయండి నాయనా, ఊరికే కబుర్లు చెప్పినట్టు చెబుతాను” అనిరి. మేము మైకు తీసివేసి, ఫోనును మాత్రము అయిదడుగుల పైచిలుకు దూరమున స్టాండుపై నిలిపితిమి. క్రింద పలకలు పరచిన నేల, చుట్టు ఖాళీ గోడలు, పైన తిరుగుచున్న ఫ్యాను. బొమ్మ చక్కగా వచ్చినది. మాటయు మా చెవులకు బాగుగనే యున్నది. తరువాత ఆ మాటలను యంత్రమునకు వినిపించి, బొమ్మ క్రింద తెలుగు అక్షరములు వచ్చునట్లు చేసితిమి.

మా వీధిలో చెవులు వినబడని ఒక చెల్లెలు కలదు. ఆమెకు నాలుగు నెలల బిడ్డ. ఆ వీడియోను ఆమె అక్షరములు చదువుచు చూచి, మరునాడు కాగితముపై ఇట్లు వ్రాసి చూపినది: “అన్నయ్యగారూ, ఆరు నెలలు నిండని బిడ్డకు నీళ్లు పట్టవచ్చు అని ఇందులో ఉన్నది. ఆసుపత్రిలో వద్దన్నారు. ఏది నిజము?” మేము పరుగున పోయి మరల వింటిమి. నర్సమ్మగారు చెప్పినది “పట్టవద్దు” అని. యంత్రము వ్రాసినది “పట్టవచ్చు” అని. ఒకే అక్షరము! ఆరు నెలలవరకు తల్లిపాలు తప్ప నీరైనను అక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ హితవును ఒక అక్షరము తలక్రిందులు చేసినది. వినగలవారికి ఆ తప్పు కనబడనే లేదు. అక్షరములనే నమ్ముకొన్న తల్లి మోసపోవలసి యుండెను.

తప్పు ఎవరిది? నర్సమ్మగారిది కాదు. యంత్రముది కొంత. ఎక్కువ పాలు మాది. ఏలయనగా మాట పుట్టినచోట ఉండవలసిన మైకును మేము గది ఆవలి ప్రక్కను ఉంచితిమి.

1. ఇద్దరు శ్రోతలు

మనము తీయు వీడియోకు ఇప్పుడు ఇద్దరు శ్రోతలు కలరు. ఒకరు మనుష్యుడు, రెండవది యంత్రము. గదిలో కూర్చున్న మనుష్యునికి రెండు చెవులు ఉన్నవి. ఏ శబ్దము ఎటునుండి వచ్చుచున్నదో కనిపెట్టి, ఫ్యాను చప్పుడును, గోడల ప్రతిధ్వనిని ప్రక్కకు నెట్టి, మాటను మాత్రము ఏరుకొనుట అతనికి అలవాటు. వీడియోలో విన్నప్పుడు ఆ సహాయము చాలవరకు పోవును. అయినను సందర్భము ఎరిగినవాడు గనుక, నర్సమ్మ ఏమి చెప్పునో ముందే ఊహించి సర్దుకొనును. మేము “వద్దు” అని వినగలిగినది అందువలననే.

యంత్రమునకు మైకు అందించినదే లోకము. మాటను గుర్తించు యంత్రముల కథ పాతదే. 1952లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఆడ్రీ అను యంత్రము, తనకు అలవాటైన స్వరములో పలికిన అంకెలను మాత్రము గుర్తించెను. 1962లో ఐబిఎం వారు చూపిన షూబాక్స్ అను యంత్రమునకు 16 మాటలు వచ్చును. నేటి యంత్రములు ఎన్నో భాషల మాటలు వ్రాయగలవు. 2022లో ఓపెన్ ఏఐ వారు విడుదల చేసిన విస్పర్ అనునది 6,80,000 గంటల శబ్దముతో తర్ఫీదు పొందినది. అయితే ఆంగ్లము గాక మిగిలిన 96 భాషల మాటను ఆ భాషలలోనే వ్రాయుట నేర్పుటకు దొరికినది ఆ అన్నిటికిని కలిపి 1,17,000 గంటలే. మన దేశములో మద్రాసు ఐఐటిలోని ఏఐ4భారత్ వారును, కేంద్ర ప్రభుత్వము 2022లో ఆరంభించిన భాషిణి వారును తెలుగు మొదలగు మన భాషల కొరకు ఈ పని చేయుచున్నారు.

దీనివలన మనము గ్రహించవలసినదేమి? ఆంగ్లమును విన్నంతగా తెలుగును వినని యంత్రము, శబ్దము మసకబారినప్పుడు ఊహపై ఆధారపడును. ఊహించుటకు తగినంత తెలుగు దానికి తెలియదు. అయినను తెలియనిచోట సాధారణముగా ఖాళీ విడువదు. తనకు అలవాటైన మాటను వ్రాసివేయును. కాబట్టి తెలుగు మాటలాడువారికి మంచి మైకు స్థానము ఆంగ్లము మాటలాడువారికంటె ఎక్కువ అవసరము.

2. దూరమే మొదటి శత్రువు

మైకు వెలను గూర్చి అందరు అడుగుదురు. దూరమును గూర్చి అడుగువారు తక్కువ. నోటినుండి దూరము రెట్టింపైన ప్రతిసారి నేరుగా వచ్చు శబ్దము యొక్క శక్తి నాలుగవ వంతునకు పడిపోవును. కొలతలో దానిని 6 డెసిబెళ్ల తగ్గుదల అందురు. జానెడు దూరమున, అనగా సుమారు 20 సెంటీమీటర్ల దూరమున, మైకు ఉన్నదనుకొందము. దానిని 40కి, 80కి, 160 సెంటీమీటర్లకు జరుపుచు పోయిన యెడల మూడు రెట్టింపులు. శక్తి 64వ వంతునకు దిగును, అనగా 18 డెసిబెళ్లు తగ్గును. మా ఫోను ఉన్నది ఆ దూరముననే!

“ఫోనులో శబ్దము పెంచవచ్చును గదా” అని ఎవరైనను అడుగవచ్చును. పెంచవచ్చును, కాని ఫ్యాను చప్పుడు, వీధిలోని హారను, వంటింటి కుక్కరు కూత కూడ అంతే పెరుగును. నీళ్లు కలిసిన పాలను ఎంత పెద్ద గిన్నెలో పోసినను చిక్కబడవు. మాటకును చప్పుడుకును నడుమనున్న వ్యత్యాసమే మనకు కావలసినది. ఆ వ్యత్యాసమును పెంచునది మైకు దగ్గరగా ఉండుటయే. కొన్ని వందల రూపాయల మైకు జానెడు దూరమున ఉండి చేయు మేలు, వేల రూపాయల మైకు గది ఆవలనుండి చేయలేదు.

3. గోడలు, జంట అక్షరములు

రెండవ శత్రువు ప్రతిధ్వని. నోట వెలువడిన మాట నేరుగా ఒకసారి, గోడలను, నేలను, కప్పును తాకి తిరిగి అనేకసార్లు మైకును చేరును. నేరుగా వచ్చు మాట దూరముతో తగ్గును. తిరిగి వచ్చు మాట గదియంతట ఇంచుమించు సమానముగా నిండియుండును. పలకలు పరచిన చిన్న గదిలో నోటికి సుమారు మూరెడు దూరము దాటగానే ప్రతిధ్వని నేరుమాటతో సమానమగును. ఆ తరువాత గోడలదే పైచేయి.

ఇది మన భాషకు ప్రత్యేకముగా చెరుపు చేయును. తెలుగులో ఒత్తు పలుకునప్పుడు ఏమి జరుగునో నెమ్మదిగా పలికి చూడుడి. “గుడి” అనుడి, తరువాత “గుడ్డి” అనుడి. రెండవ మాటలో నాలుక ఒక్క క్షణము గాలిని బిగబట్టి విడుచును. ఆ బిగింపు ఒక చిన్న నిశ్శబ్దము వంటిది. దానిని బట్టియే ఒత్తును గుర్తింతుము. ప్రతిధ్వని గల గదిలో ముందు అక్షరపు తోక వచ్చి ఆ నిశ్శబ్దమును నింపివేయును. గుడి ఏదో, గుడ్డి ఏదో తేల్చుట కష్టమగును. హ్రస్వ దీర్ఘములకును ఇట్టి చిక్కే కలదు.

“వద్దు”, “వచ్చు” అను మాటలలో తేడా నడిమి హల్లులో మాత్రమే యున్నది. చ, స, శ అను హల్లుల గుసగుస ఎక్కువ భాగము సుమారు 3,000 హెర్ట్‌జ్‌లకు పైనున్న సన్నని శబ్దము. అచ్చుల బలము అంతకు క్రింద ఉండును. సన్నని శబ్దము బలహీనమైనది; దూరమువలనను, చప్పుడువలనను, మైకుపై కప్పిన గుడ్డవలనను అదియే ముందుగా చెడును. అప్పుడు అచ్చులు నిలిచి హల్లులు మాయమగును. మాట వినబడినట్లే యుండును గాని అర్థము జారిపోవును.

4. చిన్న మైకు ఎట్లు వచ్చినది

మొదటి కాలమున మాటలాడువారు ధరించు మైకును దండవలె త్రాడుతో మెడలో వ్రేలాడదీసెడివారు. అందువలననే దానికి మెడలో వ్రేలాడు పతకము పేరుమీదుగా లావలియర్ అను ఫ్రెంచి పేరు వచ్చినది. అది బరువైనది, అందరికి కనబడునది.

1962లో బెల్ ప్రయోగశాలలో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎలక్ట్రెట్ మైకును రూపొందించిరి. అంతకుముందు కండెన్సర్ మైకుల పలుచని పొరకు బయటినుండి విద్యుత్తు పెట్టవలసి యుండెను. వీరు విద్యుత్తును తనలో శాశ్వతముగా నిలుపుకొను ప్లాస్టిక్ పొరను వాడిరి. దానితో మైకు చిన్నదై, చవకయై, కాలరుకు తగిలించుటకు వీలాయెను. ఇప్పటికిని కాలరు మైకులలో చాలభాగము ఈ జాతివే. నేటి ఫోనులలో ఉన్నవి ఇంకను చిన్నవి. సిలికాన్ బిళ్లపై చెక్కిన మెమ్స్ మైకులు. కాబట్టి ఫోను మైకు చెడ్డదనుకొనరాదు. దాని గుణము చాలవరకు మంచిదే. దాని స్థానము చెడ్డది.

5. ఏది ఎంచుకొనవలెను?

వైరు గల కాలరు మైకు. కూర్చుండి మాటలాడువారికి ఇదియే మా మొదటి సలహా. చవక, నమ్మదగినది, సరిగా తగిలించిన యెడల చూచువారి కంటికి ఆనదు. అన్ని వైపులనుండి సమానముగా వినునది, అనగా ఓమ్ని అని పేరు గలది, తీసికొనవలెను. ఒకే దిక్కున వినునది మేలుకాదా అని తోచును. కాని మాటలాడువారు తల త్రిప్పినప్పుడు, మైకు కొంచెము ప్రక్కకు ఒరిగినప్పుడు, దాని స్వరము మారిపోవును. గుడ్డ రాపిడియు, గాలియు దానికి ఎక్కువగా తగులును.

వైరు లేని మైకు. నడచుచు బోధించువారికి ఇది అవసరము. వీటిలో చాల రకములు 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగముపై పనిచేయును. ఇంటి వైఫైయు ఆ తరంగమునే వాడును. మనుష్య శరీరము ఆ తరంగమునకు అడ్డుగోడ వంటిది; కాబట్టి పంపు డబ్బీని నడుము వెనుక దాచి, తీసికొను డబ్బీని ముందర పెట్టిన యెడల మాట తెగిపోవచ్చును. డబ్బీ రెండవ డబ్బీకి ఎదురుగా కనబడునట్లు ఉంచుట మంచిది. కొన్ని రకములలో పంపు డబ్బీయే తనలో కూడ మాటను భద్రపరచును. మరల చెప్పించుటకు వీలులేని మాటకు అట్టిది కొనుట వివేకము. ఛాతీమీద చతురపు డబ్బీ కనబడుట ఇష్టము లేనియెడల, దానికి చిన్న కాలరు మైకును కలిపి డబ్బీని జేబులో ఉంచవచ్చును.

చెంప మైకు. చెవికి తగిలించి నోటి ప్రక్కకు వచ్చు సన్నని మైకు ఇది. యంత్రము విని వ్రాయుటకు ఇంతకంటె మేలైనది లేదు. దూరము రెండు మూడు అంగుళములే. తల ఎటు త్రిప్పినను దూరము మారదు. అయితే ముఖముపై కనబడును. బొమ్మ లేకుండ మాట మాత్రమే వ్రాయించుకొనువారు ఆలోచింపక దీనినే కొనవచ్చును.

తుపాకి మైకు. పొడుగు గొట్టమువంటి ఈ మైకును బొమ్మ అంచుకు పైన, తలకు మూరెడు మూరెడున్నర ఎత్తున, నోటివైపు వంచి పట్టిన యెడల మాటలాడువారి ఒంటిమీద ఏమియు అక్కరలేదు. అయితే పట్టుకొనువారు కావలెను. ప్రతిధ్వని గల చిన్న గదిలో దాని గొట్టము చేయు మేలు తక్కువ. దీనిని కెమెరామీద బిగించి అయిదడుగుల దూరమున నిలిపినవారు, మేము చేసిన తప్పునే ఎక్కువ ఖర్చుతో చేయుచున్నారు.

బ్లూటూత్ చెవి మైకు. ఇది నడుచుచు మాటలాడుటకు సుఖమైనదే. కాని దాని మైకు నోటివద్ద గాక చెవివద్ద ఉన్నది. ఫోను మాటల పద్ధతిలో అది సెకనుకు 8,000 లేక 16,000 నమూనాలనే పంపుట వాడుక. 8,000 అయిన యెడల 4,000 హెర్ట్‌జ్‌లకు పైనున్న సన్నని శబ్దమంతయు పోవును. మన చ, స, శ లు ఉండునది అక్కడనే గదా! వీడియోకు దీనిని మేము సలహా ఇయ్యము.

ఏమియు కొనలేనివారికి ఒక మాట. ఇంటిలో రెండవ ఫోను ఉన్న యెడల, దానిని మాటలాడువారి ఎదుట బల్లపై, బొమ్మలో పడకుండ, మూరెడు లోపల, మెత్తని తువాలుపై ఉంచి మాటను రికార్డు చేయుడి. ఆరంభములో రెండు ఫోనులకు కనబడునట్లు, వినబడునట్లు ఒకసారి చప్పట్లు కొట్టుడి. ఆ చప్పుడును గురుతుగా పెట్టుకొని తరువాత బొమ్మను, మాటను జతపరచవచ్చును.

6. ఎక్కడ, ఎట్లు తగిలించవలెను?

స్థానము: గడ్డము క్రింద జానెడు, రొమ్ము నడిమి ఎముకమీద. ఒక భుజమువైపు తగిలించిన యెడల తల రెండవ వైపు త్రిప్పగానే మాట పలుచబడును. గడ్డమునకు మరీ ఆనించిన యెడల గడ్డపు నీడ వలన స్వరము మూగబోవును.

చొక్కా వేసికొనువారికి గుండీల పట్టీ అనుకూలము. మైకు రంగు చొక్కా రంగుకు దగ్గరగా ఉన్న యెడల ఎవరును గమనింపరు. వైరును చొక్కా లోపలికి పోనిచ్చి, క్లిప్పు వెనుక చిన్న ఉచ్చు చుట్టి బిగించుడి. వైరు లాగినప్పుడు ఆ ఉచ్చు లాగబడును గాని మైకు కదలదు. గంజి పెట్టిన ఖద్దరును, పట్టును గలగలలాడును. మెత్తని నూలు బట్ట మేలు.

చీర కట్టుకొనువారికి రవిక మెడ నడుమగాని, పైట అంచు రొమ్ము మీదుగా పోవుచోటగాని తగిలింపవచ్చును. నల్లపూసలు, గొలుసులు మైకును తాకి టకటకలాడును. వాటిని ఒక ప్రక్కకు సర్దమని మర్యాదగా చెప్పవలెను. మైకును వారే తగిలించుకొనునట్లు చూపవలెను. సహాయము కావలసిన యెడల మరియొక స్త్రీ చేయవలెను. తొందరలో ఈ మర్యాద మరువరాదు.

బట్ట లోపల పూర్తిగా దాచవచ్చునా? దాచవచ్చును గాని దానికి వెల కలదు. రొమ్మువద్ద ఉన్న మైకుకు నోటివద్దకంటె 2,000 నుండి 4,000 హెర్ట్‌జ్‌ల నడిమి శబ్దము స్వభావముగనే తక్కువ చేరును. పైన గుడ్డ కప్పిన యెడల ఇంకను తగ్గును, రాపిడి చప్పుడు తోడగును. తప్పనిసరియైనప్పుడు పలుచని నూలుగుడ్డ ఒక్క పొర క్రిందనే ఉంచి, మైకు చుట్టు ఉన్న బట్టను ఆసుపత్రి టేపుతో కదలకుండ అంటించుడి. యంత్రముచేత వ్రాయింపనెంచిన మాటకైతే మైకు ముఖము బయట ఉండుటయే క్షేమము. వార్తలు చదువువారు మైకును కోటుకు బహిరంగముగనే తగిలించుకొందురు; చూచువారు దానిని పట్టించుకొనరు.

7. ఫోనుకు కలుపునప్పుడు

కెమెరాకు చేసిన గుండ్రని పిన్నుకు మూడు భాగములు, ఫోనుకు చేసినదానికి నాలుగు భాగములు ఉండును. రెండును చూపునకు ఒకే విధముగా ఉండును. కెమెరా మైకును నేరుగా ఫోనుకు గుచ్చిన యెడల ఫోను దానిని గుర్తింపక తన మైకుతోనే రికార్డు చేయవచ్చును. గుండ్రని రంధ్రమే లేని ఫోనులు ఇప్పుడు చాలయున్నవి. వాటికి టైప్-సి పిన్ను గల మైకుగాని మార్పిడి ముక్కగాని కావలెను. కలిపిన తరువాత మైకు ముఖమును గోటితో మెల్లగా గీకి, రికార్డు చేసి వినుడి. గీకుడు బిగ్గరగా వినబడినయెడలనే ఆ మైకు పనిచేయుచున్నట్లు.

శబ్దపు మట్టము బిగ్గర మాటకు సుమారు మైనస్ 12 డెసిబెళ్లవద్ద ఉండనిండు. సున్నను తాకిన మాట చితికిపోవును. చితికినదానిని బాగుచేయుట దుర్లభము. చప్పుడు తగ్గించు వసతులను రికార్డు చేయునప్పుడు ఆపివేయుడి. అవి మన చెవికి హాయిగా తోచును గాని చప్పుడుతోపాటు హల్లులను కూడ చెరపవచ్చును; యంత్రము అట్టి మాటలో ఎక్కువ తప్పులు చేయుట కలదు. అసలు ప్రతిని ఎప్పుడును భద్రపరచుడి. ఫ్యాను ఆపుట, కిటికీ మూయుట, గోడకు దుప్పటి వ్రేలాడదీయుట, నేలపై జంపఖానా పరచుట: ఇవి ఖర్చులేని మందులు.

8. కనబడకుండుట వేరు, తెలియకుండుట వేరు

చిన్న మైకు కొనువారు ఒక సంగతి తమ్ముతాము ప్రశ్నించుకొనవలెను. ఎవరి కంటికి కనబడకుండ? వీడియో చూచువారి కంటికా? మాటలాడువారి కంటికా? మొదటిది మర్యాద. రెండవది దొంగతనము. నర్సమ్మగారు మైకును చూచి బెదరిరి గనుక ఆమెకు తెలియకుండ మైకు పెట్టుట పరిష్కారము కాదు. మైకును ఆమె చేతిలో పెట్టి, దాని పని చెప్పి, ఆమె సమ్మతితో తగిలించుటయే పరిష్కారము. 2017లో మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఏకాంతతను మూలహక్కుగా ప్రకటించిరి. చట్టము మాట అటుంచి, మనల నమ్మి మాటలాడినవారి నమ్మకమును కాపాడుట మన విధి.

మరి రెండు జాగ్రత్తలు. పని ముగియగానే మైకును ఆపివేసి, “ఆపివేసితిమి” అని చెప్పుడి. మైకు ధరించియున్నట్లు మరచి పెరటిలోనికి పోయి సొంత సంగతులు మాటలాడినవారు అనేకులు. రెండవది, అక్షరములుగా మార్చుటకు మాటను దూరపు కంపెనీల యంత్రములకు పంపునప్పుడు, అది మన ఇల్లు దాటిపోవుచున్నదని గుర్తుంచుకొనుడి. ఏకాంతపు సంగతులకు సొంత కంప్యూటరులోనే పనిచేయు యంత్రములు కలవు. విస్పర్‌ను అట్లు నడుపవచ్చును.

9. ఇంటి పరీక్ష

కొనకముందును, కొన్న తరువాతను ఈ పరీక్ష చేయుడి. ఈ మాటలను మామూలు గొంతుతో ఫోనుకు అయిదడుగుల దూరమున ఒకసారి, మైకు జానెడు దూరమున ఉంచి ఒకసారి చదివి, రెండును యంత్రముచేత వ్రాయించుడి: “పట్టవచ్చు, పట్టవద్దు. గుడి, గుడ్డి. పది, పడి. పలక, పాలక. ఇరవై, అరవై.” తరువాత కాగితముపై తప్పులు లెక్కించుడి. అంగడివాని మాటకంటె ఈ లెక్క నమ్మదగినది.

మంచి మైకు ఉన్నను తప్పులు పూర్తిగా పోవు. కాబట్టి మందులు, అంకెలు, తేదీలు, “వచ్చు, వద్దు” అనునవి వచ్చు చోట్ల మనుష్యుడు చెవితో విని, కన్నుతో చదివి దిద్దవలెను. ఈ పనిని యంత్రమునకు అప్పగింపరాదు.

ముగింపు

మేము నర్సమ్మగారియొద్దకు మరల పోయితిమి. జరిగినది దాచక చెప్పితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, “ఆ బిడ్డకు పట్టలేదు గదా?” అని మాత్రమే అడిగిరి. పట్టలేదని చెప్పగా, “ఆ మైకు ఇటు తెండి” అని తామే దానిని రవిక మెడకు తగిలించుకొనిరి. ఫ్యాను ఆపితిమి, నేలపై జంపఖానా పరచితిమి. ఈసారి యంత్రము “పట్టవద్దు” అని వ్రాసినది. మరి నాలుగుచోట్ల తప్పులు వ్రాసినది. వాటిని కూర్చుండి దిద్దితిమి. పాత వీడియోను తీసివేసి, క్రొత్తదానిని మొదట ఆ చెల్లెలికే చూపితిమి. ఆమె చదివి, బిడ్డను ఒడిలో సర్దుకొని, తల ఊపినది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. నోటికి 20 సెంటీమీటర్ల దూరముననున్న మైకును 80కి జరిపిన యెడల నేరుమాట ఎన్ని డెసిబెళ్లు తగ్గును?
2. ఒత్తు గల మాటలను ప్రతిధ్వని ఎట్లు చెరుపును? మీ మాటలలోనుండి రెండు ఉదాహరణములు ఇయ్యుడి.
3. మీ ఇంటిలో మాట రికార్డు చేయుటకు అన్నిటికంటె అనుకూలమైన గది ఏది? ఏల?
4. మీరు తీసిన వీడియోను చెవులు వినబడనివారు చదువుచున్న యెడల, అందులో తప్పక దిద్దవలసిన మాటలేవి?